మామ ఫోను తాళం ఎవరి దగ్గర ఉండాలి?

సంక్రాంతికి విడవలూరు మండలంలో ఉన్న మా మేనమామ ఊరికి వెళ్ళాను. కనుమ రోజు సాయంత్రం రొయ్యల గుంటల గట్టు మీద, మోటారు షెడ్డులో కూర్చుని ఉంటే మామ తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇది చూడు అబ్బయా. ఎప్పుడు తెరిచినా ఏదో ఒక బొమ్మ, ఏదో ఒక గేము. నేను ఎక్కించింది ఒక్కటీ లేదు. తీసేద్దామంటే పోవు. అప్పుడెప్పుడో నా పాత ఫోనుకి చేశావే రూటు, దీనికి గూడా చేసెయ్."

చెయ్యనన్నాను.

"ఏం, దీనికి రాదా?"

"వచ్చినా చెయ్యను మామా. నీ డబ్బులన్నీ దీంట్లోనే ఉండాయి."

మామ కాసేపు గుంట వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత అడిగాడు. "ఫోను నాదే గదా? పద్నాలుగు వేలు పోసి కొన్నా. నాకొద్దన్నది నా ఫోనులో ఉంటానంటే నేనేం చెయ్యాల మరి?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నేను పదేళ్ళకు పైగా ఫోన్లు రూట్ చేస్తూ వచ్చినవాణ్ణి. నెల్లూరులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పని చేస్తాను. రూట్ చేస్తే ఏమొస్తుంది, వారంటీ పోతుందా, గేములు వేగంగా ఆడతాయా అని పిల్లలు అడుగుతూనే ఉంటారు. ఫోను నాదే గదా అని ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. ఊరి నుంచి వచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. నాకు తోచిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు రూట్ అంటే ఏమిటో చెప్పాలి. ఆండ్రాయిడ్ అడుగున ఉండేది కంప్యూటర్లను నడిపే లినక్స్ అనే వ్యవస్థ. లినక్సులో కంప్యూటరు వాడే ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది. ఆండ్రాయిడ్ ఆ పద్ధతినే తీసుకుని, మనుషుల బదులు యాప్‌లకు ఆ నంబర్లు ఇచ్చింది. మనం ఎక్కించుకునే యాప్‌ల నంబర్లు 10000 నుంచి మొదలవుతాయి. ఒక నంబరు గల యాప్ దాచుకున్న ఫైళ్ళను ఇంకో నంబరు గల యాప్ ముట్టుకోలేదు. బ్యాంకు యాప్ లోపల ఏముందో టార్చిలైటు యాప్‌కు తెలియకపోవడానికి కారణం ఇదే. ఈ హద్దులు పట్టనిది సున్నా నంబరు ఒక్కటే. ఆ సున్నా నంబరు పేరే రూట్.

మామకు గట్టు మీద ఇంకోలా చెప్పాను. "నీకు ఆరు గుంటలున్నాయి గదా. ఒక దాంట్లో వేసిన వల ఇంకో దాంట్లో వేస్తావా?"

"ఎట్టా వేస్తాం? వైట్ స్పాట్ రోగం తగిలితే ఆరూ పోతాయి."

రొయ్యలు పెంచేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. పీతలు పాకి రాకుండా గుంట చుట్టూ కంచె కడతారు, పక్షులు వాలకుండా పైన దారాలు లాగుతారు, ఏ గుంట బకెట్టు ఆ గుంటకే ఉంచుతారు. ఫోనులో యాప్‌లు కూడా అలా గట్లు కట్టి విడదీసిన గుంటలే. రూట్ దొరికిన యాప్ అన్ని గుంటల్లోకీ అవే కాళ్ళతో దిగే మనిషి లాంటిది. ఆ మనిషి కాళ్ళు శుభ్రంగా ఉన్నంత వరకు ఏ ఇబ్బందీ లేదు.

ఇంత తెలిసి కూడా నేను రూట్‌ను దొంగపని అని ఎప్పుడూ అనుకోలేదు. దానికి నా సొంత కారణం ఒకటుంది. 2011లో నా మొదటి ఆండ్రాయిడ్ ఫోను కొన్నప్పుడు దాంట్లో తెలుగు కనిపించేది కాదు. తెలుగు పేపరు సైటు తెరిస్తే పేజీ నిండా ఖాళీ గళ్ళు. ఫోన్లో తెలుగు ఫాంటే లేదు, మనం వేసుకునే దారీ లేదు. ఫాంట్లు ఉండే ఫోల్డరు సిస్టమ్‌ది, దాన్ని ముట్టుకోవాలంటే రూట్ కావాలి. రెండు రాత్రులు కూర్చుని రూట్ చేశాను. డ్రాయిడ్ శాన్స్ ఫాల్‌బ్యాక్ అనే ఫాంటు ఫైలు తీసేసి, తెలుగు అక్షరాలున్న ఫైలును అదే పేరుతో అక్కడ పెట్టి ఫోను ఆపి మళ్ళీ వేశాను. గళ్ళు పోయి అక్షరాలు వచ్చాయి. ఒత్తులు కింద కుదురుకోక పక్కకు జరిగి కనిపించేవి, గుణింతాలు చెదిరిపోయేవి. అయినా చదవగలిగాను. మా అమ్మకు చూపిస్తే తను కూడా ఒక వార్త పైకి చదివింది. ఆండ్రాయిడ్‌లోనే తెలుగు వచ్చింది 2012లో, 4.1తో. ఆ ఏడాది పాటు నా ఫోనులో నా భాష ఉండడానికి కారణం రూట్ ఒక్కటే. ఎవరినీ అడిగి, ఎవరో ఇచ్చేదాకా ఆగి తెచ్చుకున్నది కాదు అది.

ఆ రోజుల్లో రూట్ వల్ల ఒరిగేవి ఇంకా ఉండేవి. ఫోనులో జాగా నూట యాభై ఎంబీ కూడా మిగిలేది కాదు, యాప్‌లను మెమరీ కార్డులోకి తరలించాలంటే రూట్ కావాలి. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోనుకు సైనోజెన్‌మోడ్ అనే, ఔత్సాహికులు తయారుచేసిన ఆండ్రాయిడ్ రూపం ఎక్కించి కొత్త ఆండ్రాయిడ్ చూసుకునేవాళ్ళం. 2016 చివర్లో అది మూతపడితే అదే మనుషులు లీనియేజ్ పేరుతో కొనసాగించారు, ఇప్పటికీ నడుస్తోంది. నెల్లూరు ట్రంకు రోడ్డులో సెల్ షాపుల వాళ్ళు కూడా కొందరు రూట్ చేసి ఇచ్చేవాళ్ళు.

ఇక మామ పాత ఫోను సంగతి.

అది 2016 వేసవి. ఫోను బరువెక్కి ఆగిపోతోందని మామ ఇస్తే, రూట్ చేసి అనవసరమైనవన్నీ తీసేద్దామని కూర్చున్నాను. రూట్ చేయాలంటే మామూలుగా ముందు బూట్‌లోడర్ అన్‌లాక్ చేయాలి. ఫోను ఆన్ కాగానే మొట్టమొదట నడిచేది బూట్‌లోడర్. తర్వాత నడవబోయే సిస్టమ్ కంపెనీ సంతకం చేసిందేనా అని చూసి మరీ లోపలికి వదులుతుంది. ఆ తాళం తీస్తే ఫోనులో ఉన్నదంతా చెరిగిపోతుంది. నాకు ఆ విషయం తెలుసు. "ముఖ్యమైనవి ఏమన్నా ఉన్నాయా మామా?" అని అడిగాను. "నంబర్లు పోకుండా చూడు" అన్నాడు. నంబర్లు దాచాను. ఫోటోలు చూడలేదు.

అంతకు రెండు వారాల ముందే మామ రెండు గుంటల రొయ్యలు పట్టి అమ్మాడు. వ్యాపారి మనుషులు కాటా వేసి చీటీలు రాసిచ్చారు. గట్టు మీద తడిసిపోతాయని మామ వాటికి ఫోటోలు తీసి పెట్టుకున్నాడు. డబ్బు ఇంకా పూర్తిగా రాలేదు. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంత, ఎన్ని కిలోలు అన్నదానికి మామ దగ్గరున్న రుజువు ఆ ఫోటోలే. నేను అన్‌లాక్ నొక్కిన మరుక్షణం అవి లేవు. చివరికి వ్యాపారి పుస్తకంలో ఉన్న లెక్కకే మామ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఎంత తేడా వచ్చిందో నాకు ఈ రోజుకీ చెప్పలేదు. నేను అడిగితే మాట మార్చేస్తాడు.

అలా చెరిపేయడం ఫోను చేసిన తప్పు కాదని చెప్పడం నా బాధ్యత. అది కావాలని పెట్టిన రక్షణ. అన్‌లాక్ చేసినా డేటా అలాగే ఉండేట్టయితే, ఫోను ఎత్తుకుపోయినవాడు తాళం తీసి, తన సిస్టమ్ ఎక్కించి, మీ ఫోటోలు, మెసేజీలు అన్నీ చదువుకుంటాడు. తప్పు నాది. ఇంకొకరి ఫోను చేతిలో ఉన్నప్పుడు వాళ్ళకు ఏది విలువైనదో నేను ఊహించాను, చూడలేదు.

ఆ ఫోను విషయంలో నేను నేర్చుకున్నది ఇంకొకటి కూడా ఉంది. రూట్ చేశాక ఏ యాప్ అయినా రూట్ కావాలంటే తెర మీద ఒక ప్రశ్న వస్తుంది, ఇవ్వాలా వద్దా అని. ఆ ప్రశ్నే మనకు కాపలా అని అప్పట్లో నేను నమ్మేవాణ్ణి. మూడు నెలల తర్వాత మామ ఫోను తీసి చూస్తే, రూట్ పొందిన యాప్‌ల జాబితాలో ఒక టార్చిలైటు యాప్ ఉంది. "అడిగింది, సరే అని నొక్కా" అన్నాడు మామ. తెల్లవారుజామున మేత వెయ్యడానికి పోతూ చీకట్లో టార్చి కోసం నొక్కే మనిషి తెర మీద ఇంగ్లీషు ప్రశ్నను చదివి ఆలోచించి జవాబు చెప్పాలనుకోవడం న్యాయం కాదు. అప్పటికి ఫోనులోని గట్లన్నీ ఆ ఒక్క ప్రశ్న మీదే నిలబడి ఉన్నాయి.

అదే ఏడాది చెక్‌పాయింట్ అనే భద్రతా సంస్థ హమ్మింగ్‌బ్యాడ్ అనే వైరస్ గురించి బయటపెట్టింది. దాని లెక్క ప్రకారం ప్రపంచంలో కోటి ఫోన్లకు పాకింది, మన దేశంలోనే పది లక్షలకు పైగా. అది ఫోనులోకి దూరగానే చేసే మొదటి ప్రయత్నం రూట్ సంపాదించడం. సున్నా నంబరు దొరికితే ఇక దాన్ని మామూలుగా తీసేయలేం, అడక్కుండానే యాప్‌లు ఎక్కిస్తూ, ప్రకటనలు నొక్కుతూ డబ్బు చేసుకుంటుంది. వైరస్ రాసేవాళ్ళు కష్టపడి వెతికే దారిని మనమే ముందుగా తీసి పెట్టడం సరైనదేనా అని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది అప్పుడే.

కొందరు మిత్రులు నాతో వాదిస్తారు, ప్రైవసీ కావాలంటే రూట్ తప్పదని. వాళ్ళ మాటలో నిజం ఉంది. రూట్ ఉంటే ఏఎఫ్‌వాల్ లాంటి ఫైర్‌వాల్ పెట్టి ఏ యాప్ నెట్‌కు వెళ్ళాలో మనమే తేల్చవచ్చు. హోస్ట్స్ ఫైలు మార్చి ప్రకటనల సర్వర్లను ఫోను మొత్తానికీ మూసేయవచ్చు. కంపెనీ వేసిన యాప్‌లను వేళ్ళతో సహా పీకేయవచ్చు. నేను ఇవన్నీ ఏళ్ళ తరబడి వాడాను, బాగా పనిచేశాయి.

అయితే ఎవరి నుంచి దాచుకుంటున్నాం అని అడిగితే రెండు వేరు వేరు జవాబులు వస్తాయి. ఒకటి, నా ఫోను తయారుచేసి, నేను ఏం చూస్తున్నానో రాసుకుని, ఆ లెక్కలు అమ్ముకునే కంపెనీలు. రెండు, నా డబ్బు కోసం వచ్చే దొంగ. రూట్ మొదటివాణ్ణి బయటికి నెడుతుంది. ఆ నెట్టడంలోనే రెండోవాడికి దారి సులువు చేస్తుంది. అన్‌లాక్ చేసి వదిలేసిన ఫోనును డిస్‌ప్లే మార్చమని రిపేరు షాపులో ఒక రాత్రి వదిలామనుకోండి. పిన్ తెలియకపోతే మన ఫైళ్ళు చదవలేరు, నిజమే. కానీ సిస్టమ్‌లో చిన్న మార్పు చేసి పెడితే, మర్నాడు మనం కొట్టే పిన్‌ను అది రాసుకుంటుంది. లాక్ ఉన్న ఫోను ఆ మార్పును ఆన్ అయ్యేటప్పుడే పట్టుకుని ఆగిపోతుంది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ఈ తనిఖీ కచ్చితంగా జరుగుతోంది.

ఇక్కడ భద్రత పేరు చెప్పేవాళ్ళను కూడా ఒక మాట అడగాలి. మా మామ ఊళ్ళోనే, ఆయన పక్క గుంటల రైతుకు ఒక రోజు వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా పేరుతో ఒక ఏపీకే ఫైలు, అంటే నేరుగా ఎక్కించుకునే యాప్, వచ్చింది. పంపింది తెలిసిన మనిషి నంబరే, ఎందుకంటే ఆ మనిషి ఫోను అప్పటికే ఇదే మోసానికి చిక్కింది. బండికి నిజంగానే చలానా పడిందేమో అని తెరిచాడు. ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడిగితే ఇచ్చాడు. గంటలోపు ఓటీపీలన్నీ అటు పోయాయి, మేతకు దాచుకున్న డబ్బు పోయింది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేశాడు, కొంత ఆగింది, కొంత రాలేదు. ఆయన ఫోను రూట్ చేసింది కాదు. బూట్‌లోడర్ తాళం గట్టిగా వేసి ఉంది. ఆ దొంగకు రూట్ అక్కర్లేదు, మనిషి కంగారు చాలు. మా జిల్లాల్లో జనం డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఈ దారినే అని నేను గట్టిగా నమ్ముతాను. అందుకని మీ ఫోను లాక్ చేసి ఉంది కాబట్టి మీరు క్షేమం అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

ఆ కోపానికి ఇంకో కారణం బ్యాంకు యాప్‌లు.

రెండేళ్ళ క్రితం నా సొంత ఫోనుకు కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తే లీనియేజ్ ఎక్కించుకున్నాను. రూట్ పెట్టలేదు. ప్రతి నెలా సెక్యూరిటీ ప్యాచ్, అంటే బయటపడిన లోపాలను పూడ్చే అప్‌డేట్, వచ్చేది. ఒక రోజు నా బ్యాంకు యాప్ తెరిస్తే ఈ పరికరం సురక్షితం కాదు అని చెప్పి మూసుకుపోయింది. అదే రోజు అదే బ్యాంకు యాప్ మా నాన్న ఫోనులో చక్కగా పనిచేస్తోంది. ఆయన ఫోనుకు చివరి ప్యాచ్ వచ్చింది 2019లో. ఆ తర్వాత బయటపడిన రంధ్రాలన్నీ దాంట్లో తెరిచే ఉన్నాయి. డర్టీ కౌ అనే లోపం లినక్సులో 2007 నుంచీ ఉండి 2016లో గానీ బయటపడలేదు. అలాంటి లోపం ఒక్కటి దొరికితే చాలు, ఎవరినీ అడక్కుండా ఏ యాప్ అయినా రూట్ అవుతుంది. ప్యాచ్ రాని ఫోను అంటే రూట్ తాళంచెవి యజమానికి తప్ప మిగతావాళ్ళకు దొరికే ఫోను.

బ్యాంకు యాప్ అడిగే పరీక్ష గూగుల్‌ది. మొదట సేఫ్టీనెట్ అనేవాళ్ళు, ఇప్పుడు ప్లే ఇంటిగ్రిటీ. బూట్‌లోడర్ లాక్ అయి ఉందా, సిస్టమ్ గూగుల్ ఒప్పుకున్నదేనా అని అది చూస్తుంది. ఫోనులో రంధ్రాలు పూడ్చారా లేదా అన్నది చాలా కాలం దాని లెక్కలోనే లేదు. 2025లో ఆ పరీక్షలోని అన్నిటికంటే గట్టి మెట్టుకు, ఆండ్రాయిడ్ 13, ఆపైన ఉన్న ఫోన్లలో గత ఏడాదిలో ప్యాచ్ వచ్చి ఉండాలన్న షరతు చేర్చారు. మంచి పనే. కానీ ఆ మెట్టు అడగాలా వద్దా అన్నది యాప్ చేసేవాళ్ళ ఇష్టం.

బ్యాంకుల వైపు నుంచి చూసినా నాకు కొంత అర్థమవుతుంది. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా మూడోవాడి వల్ల డబ్బు పోతే, మూడు పని దినాల్లో ఫిర్యాదు చేసిన ఖాతాదారు మీద భారం పడకూడదు. భారం పడేవాడు జాగ్రత్త పడతాడు. లక్షల ఫోన్లను ఒక్కొక్కటీ తీసి చూడలేరు కాబట్టి ఒక తేలికైన పరీక్ష పెట్టుకుంటారు. నా అభ్యంతరం పరీక్ష పెట్టడం మీద కాదు. ఆ పరీక్ష భద్రతను కొలవడం లేదు, విధేయతను కొలుస్తోంది. నాన్న ఫోను పాసై, నా ఫోను ఫెయిలైన రోజున అది కొలిచింది ఏ ఫోను గట్టిదో కాదు, ఏ ఫోను కంపెనీ మాట వింటోందో.

మళ్ళీ మామ ప్రశ్నకు వస్తాను. నాకొద్దన్నది నా ఫోనులో ఎందుకుండాలి? ఈ ప్రశ్న పెద్ద పెద్ద చోట్లకు కూడా వెళ్ళింది. 2022 అక్టోబరులో, మార్కెట్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల జరిమానా వేసినప్పుడు, ముందే వేసి పంపే గూగుల్ యాప్‌లను తీసేసుకునే వీలు జనానికి ఇవ్వాలని కూడా ఆదేశించింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టి, ఆ ఆదేశాన్ని మాత్రం కొట్టేసింది. 2025 నవంబరు చివర్లో టెలికాం శాఖ సంచార్ సాథీ యాప్‌ను ప్రతి కొత్త ఫోనులో వేసి పంపాలని కంపెనీలకు చెప్పింది, దేశమంతా అభ్యంతరాలు రావడంతో డిసెంబరు 3న ఆ షరతు వెనక్కి తీసుకుంది. ఆ యాప్ మంచి పనికే ఉండవచ్చు. పోయిన ఫోనును దాంతో బ్లాక్ చేయించినవాళ్ళు నాకు తెలుసు. అయినా తనకు తానై వేసుకోవడం వేరు, వద్దన్నా ఉండడం వేరు. ప్రైవసీ ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. ఆ హక్కు విడవలూరులో రొయ్యల రైతు జేబులో ఉన్న ఫోనుకు కూడా వర్తించాలి కదా.

అందుకే నేను రెండు మాటలూ కలిపి అంటాను. డబ్బున్న ఫోనును రూట్ చెయ్యొద్దు. కానీ రూట్ చేసుకునే తాళంచెవి మాత్రం కొన్నవాడి దగ్గరే ఉండాలి.

ఈ రెండూ కలిసి కుదరవని చాలామంది అనుకుంటారు. కుదురుతాయి. గూగుల్ సొంత పిక్సెల్ ఫోన్లలో బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి, మనం ఎంచుకున్న సిస్టమ్ వేసి, ఆ సిస్టమ్ సంతకాన్ని ఫోనుకు నేర్పి, మళ్ళీ లాక్ చేయవచ్చు. గ్రాఫీన్ఓఎస్ చేసేది అదే. అది రూట్ ఇవ్వదు, ఇవ్వడాన్ని గట్టిగా వద్దంటుంది. ఫోను ఆన్ అయ్యే ప్రతిసారీ తనిఖీ జరుగుతుంది, కాకపోతే ఎవరి సంతకాన్ని నమ్మాలో తేల్చింది కొన్నవాడు. నేను కోరుకునేది సరిగ్గా ఇదే. తలుపు బార్లా తీసి ఉంచమని ఎవరూ అడగడం లేదు. తాళం మార్చుకునే హక్కు అడుగుతున్నాం.

ఆ హక్కు ఏటికేడు తగ్గుతోంది. సామ్‌సంగ్ ఫోన్లలో నాక్స్ అనే ఒక ఫ్యూజు ఉంటుంది. సొంత సిస్టమ్ వేస్తే అది కాలిపోతుంది, తర్వాత పాత సిస్టమ్ వేసినా తిరిగి బాగుపడదు, కొన్ని సేవలు ఆ ఫోనులో ఇక ఎప్పటికీ పనిచేయవు. 2025లో వన్ యూఐ 8 అనే తన కొత్త సిస్టమ్‌తో అన్‌లాక్ చేసే దారినే ఆ కంపెనీ తీసేసింది. కొన్ని కంపెనీలు దరఖాస్తు పెట్టి రోజుల తరబడి ఆగమంటాయి, కొన్ని అసలు ఇవ్వవు.

పిక్సెల్ 8 నుంచి గూగుల్ ఏడేళ్ళు, గెలాక్సీ ఎస్24 నుంచి సామ్‌సంగ్ ఏడేళ్ళు అప్‌డేట్లు ఇస్తామన్నాయి. అవి అరవై వేలు, లక్ష పెట్టి కొనేవాళ్ళ ఫోన్లు. మామ కొన్న పద్నాలుగు వేల ఫోనుకు రెండు మూడేళ్ళు వస్తే ఎక్కువ. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధన అమల్లోకి వచ్చింది. ఒక మోడల్ అమ్మకం ఆపిన రోజు నుంచి కనీసం ఐదేళ్ళు అప్‌డేట్లు ఇవ్వాలి. మన దగ్గర కూడా అలాంటిది ఉండాలి, దానితో పాటు ఇంకొకటి ఉండాలి. అప్‌డేట్లు ఆపిన రోజున కంపెనీ ఆ మోడల్ తాళంచెవిని కొన్నవాళ్ళకు ఇచ్చెయ్యాలి. కాపలా కాయడం మానేసినవాడు తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంటానంటే ఏ ఊరి పంచాయతీ ఒప్పుకుంటుంది?

కనుమ రోజు రాత్రి మామ ఫోనుకు నేను చేసింది ఇది. నా ల్యాప్‌టాప్‌కు కలిపి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఏడీబీ (కంప్యూటరు నుంచి ఫోనుకు ఆదేశాలు పంపే సాధనం) ఆదేశాలతో అనవసరమైన యాప్‌లను ఒక్కొక్కటీ మామ వాడుక నుంచి తీసేశాను. ఇలా తీసినవి ఫోను అడుగున సిస్టమ్‌లో ఉండనే ఉంటాయి, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తిరిగి వస్తాయి. అయినా అప్పటి దాకా నడవవు, దేన్నీ చూడవు. దీనికి రూట్ అక్కర్లేదు, ఏదీ చెరగదు, బ్యాంకు యాప్ అలిగి కూర్చోదు. మొత్తం ఇరవై మూడు తీశాను. ఏ పని చేస్తుందో తెలియని వాటి జోలికి పోలేదు, పొరపాటున అవసరమైనది తీస్తే ఫోను ఆన్ కాకుండా పోవచ్చు. లాక్ తెర మీద బొమ్మలు పోయాయి. ప్రైవేట్ డీఎన్ఎస్‌లో (సైట్ల చిరునామాలు ఫోను ఎవరిని అడగాలో చెప్పే సెట్టింగు) ప్రకటనలను ఆపే సర్వరు పేరు రాశాను, ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రతి ఫోనులోనూ ఆ వీలుంది. ఏయే యాప్‌లకు మైకు, లొకేషన్, ఎస్సెమ్మెస్ పర్మిషన్లు ఇచ్చి ఉన్నాయో మామ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అడిగి తీసేశాను. వాట్సాప్ నుంచి యాప్‌లు ఎక్కించే పర్మిషన్ మూసేశాను. చివర్లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆపేశాను, అది మరిచిపోతే చేసిన పనికి అర్థం లేదు.

మొదలుపెట్టే ముందు ఫోటోలు చూశాను. కాటా చీటీలు నూటపద్నాలుగు ఉన్నాయి. ఏ పనికీ చెరగవని తెలిసినా అన్నీ నా ల్యాప్‌టాప్‌లోకి, ఒక పెన్‌డ్రైవులోకి కాపీ చేశాను. పెన్‌డ్రైవు అత్త చేతికిచ్చాను. మామ ఏమీ అనలేదు, చూస్తూ కూర్చున్నాడు.

"మరి ఆ రూటు ఇంక పనికిరాదా?" అని అడిగాడు కాసేపటికి.

పనికొస్తుందని షెడ్డులో గోడకు కట్టి ఉన్న ఫోను చూపించాను. అది మామ రెండో ఫోను, 2019లో కొన్నది. కంపెనీ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. అదృష్టం కొద్దీ దాని కంపెనీ అప్పట్లో తాళంచెవి ఇచ్చేది. కిందటి ఏడాది దాన్ని అన్‌లాక్ చేసి, లీనియేజ్ వేసి, రూట్ చేశాను. దాంట్లో బ్యాంకు లేదు, వాట్సాప్ లేదు, ఎవరి ఖాతా లేదు. మాటలకు మాత్రమే పనికొచ్చే ఒక సిమ్ ఉంది, ఆ నంబరు ఏ ఖాతాకూ కలపలేదు. రాత్రింబవళ్ళు ఛార్జరుకు కట్టే ఉంటుంది. మామూలు ఫోనును అలా ఉంచితే బ్యాటరీ ఉబ్బిపోవచ్చు. రూట్ ఉంది కాబట్టి ఛార్జింగ్ అరవై శాతం దగ్గర ఆగేలా పెట్టగలిగాను. దాని పని ఒక్కటే. కరెంటు పోతే ఛార్జరు నుంచి కరెంటు రావడం ఆగుతుంది, ఆగిన మరు నిమిషంలో మామకు ఫోన్ చేస్తుంది. రాత్రి రెండింటికి ఏరియేటర్లు (నీళ్ళలోకి గాలి ఎక్కించే యంత్రాలు) ఆగిపోయి ఎవరూ చూసుకోకపోతే తెల్లారేసరికి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి పంటంతా తేలుతుంది. ఆ షెడ్డు ఫోనులోకి ఎవరైనా దూరినా వాళ్ళకు దొరికేది ఏరియేటర్ల చప్పుడు.

ఆ రాత్రి నేను కూడా వాళ్ళింటి వసారాలోనే పడుకున్నాను. రెండు దాటాక మామ కొత్త ఫోను మోగింది. తెర మీద 'షెడ్డు' అని తెలుగులో ఉంది. ఫ్యాను ఆగిపోయి ఉంది. మామ లేచి, రింగు మోగుతుండగానే చెప్పులేసుకుని, "నువ్వు పడుకో అబ్బయా, జనరేటరు వేసొస్తా" అంటూ గట్టు వైపు నడిచాడు.